ఇయర్‌బడ్స్ ఫోన్‌కి కనెక్ట్ కావట్లేదా? ఫర్గెట్, రీసెట్, నెట్‌వర్క్ రీసెట్: ఏది మేలు?

బడ్స్ చెవిలో ఉన్నాయి, పాటేమో ఫోన్ స్పీకర్‌లోంచి వస్తోంది. అప్పుడు అందరం చేసే మొదటి పని బ్లూటూత్ ఆపి మళ్లీ ఆన్ చేయడం. కుదరకపోతే అదే పని ఇంకో మూడుసార్లు చేస్తాం. తర్వాత ఎవరో చెప్పారని ఏకంగా ఫోన్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్ అన్నీ తుడిచేస్తాం. ఈ రెండింటికీ మధ్యలో ఉన్న దారే ఎక్కువసార్లు పని చేస్తుంది. కానీ దాన్ని సగం చేసి వదిలేస్తుంటాం. అందుకే ఒక్కో ఉపాయం ఏ జబ్బుకి పనికొస్తుంది, దానికోసం మనం ఏం పోగొట్టుకోవాల్సి వస్తుంది అనే లెక్కన వీటిని పక్కపక్కన పెట్టి చూస్తున్నాను.

ముందు ఇంకో ఫోన్‌తో చూడటమా, నేరుగా మరమ్మతుకి దిగడమా?

నా ఓటు ఇంకో ఫోన్‌కే. మీ ఫోన్‌లో బ్లూటూత్ ఆపేసి, బడ్స్‌ని పెయిరింగ్‌లో, అంటే కొత్త ఫోన్‌కి కనబడే స్థితిలో పెట్టి, ఇంట్లో ఎవరిదైనా ఫోన్‌తో కలిపి చూడండి. అక్కడ పాట వచ్చిందంటే బడ్స్ బాగానే ఉన్నట్టు. గొడవ మీ ఫోన్‌కీ వాటికీ మధ్యనే ఉంది. అక్కడా కనబడకపోతే మీ ఫోన్ సెట్టింగ్స్ జోలికి వెళ్లే పనే లేదు, ఛార్జింగో మురికో బ్యాటరీయో చూసుకోవాలి. ఈ ఒక్క పరీక్షతో కింద చెప్పబోయే వాటిలో సగం కొట్టేయొచ్చు. అయితే పని అయ్యాక ఆ రెండో ఫోన్‌లో బడ్స్ పేరు తీసేయండి. లేకపోతే రేపట్నుంచి అవి ఆ ఫోన్ వెంటే పడతాయి.

ఆ మాటకొస్తే, బడ్స్ పాడయ్యాయని నా దగ్గరికి తెచ్చేవాళ్లలో చాలామంది సమస్య అదే. మూత తీయగానే బడ్స్ చివరిసారి కలిసిన పరికరం కోసం వెతుక్కుంటాయి. నిన్న ల్యాప్‌టాప్‌లో మీటింగ్‌కి వాడారు, ఈరోజు ఆ ల్యాప్‌టాప్ పక్క గదిలో ఆన్‌లోనే ఉంది. బడ్స్ దానికి కలిసిపోయి కూర్చుంటే మీ ఫోన్‌లో ఎంతసేపు వెతికినా దొరకవు. ల్యాప్‌టాప్ బదులు స్మార్ట్ టీవీ కావచ్చు, తమ్ముడి ట్యాబ్ కావచ్చు. ఒకేసారి రెండు పరికరాలకు కలిసే మల్టీపాయింట్ ఉన్న బడ్స్‌తో ఈ తలనొప్పి తగ్గాలి. కానీ ఆ రెండు చోట్లూ నిండిపోయాయంటే మూడోదానికి తలుపులు మూసేస్తాయి. తేడా వచ్చినప్పుడు బడ్స్ కంపెనీ యాప్‌లోకి వెళ్లి మల్టీపాయింట్ ఆపేసి చూడండి. ఇక ఇంట్లో ఉన్న మిగతా పరికరాలన్నిటిలోనూ ఓ అయిదు నిమిషాలు బ్లూటూత్ ఆపితే ఖర్చేమీ లేదు, విషయం తేలిపోతుంది.

బ్లూటూత్ ఆపి మళ్లీ ఆన్ చేయడమా, ఫోన్ రీస్టార్టా?

రెండింటిలోనూ పోయేదేమీ లేదు కాబట్టి పోటీ చిన్నదే. రీస్టార్టే మేలు. ఐఫోన్ వాళ్లకి మరీను. కంట్రోల్ సెంటర్ లాగి బ్లూటూత్ గుర్తు నొక్కితే బ్లూటూత్ ఆగిపోయిందనుకుంటాం. ఐఓఎస్ 11 వచ్చిన 2017 నుంచీ ఆ గుర్తు పరికరాలను మర్నాటి దాకా విడదీస్తుందే తప్ప బ్లూటూత్‌ని పూర్తిగా ఆపదు. నిజంగా ఆపాలంటే సెట్టింగ్స్‌లో బ్లూటూత్ పేజీకి వెళ్లాల్సిందే. రీస్టార్ట్ చేస్తే ఏ ఫోన్‌లోనైనా లోపల ఇరుక్కుపోయింది మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. అదే సమయంలో బడ్స్ రెండింటినీ కేసులో పెట్టి అర నిమిషం మూత మూసి ఉంచండి, వాటికీ అదే రీస్టార్ట్.

అసలు పోటీ: ఫోన్‌లో ఫర్గెట్ కొట్టడం, బడ్స్‌ని రీసెట్ చేయడం

మొదటిసారి పెయిర్ చేసినప్పుడు ఫోనూ బడ్సూ కలిసి లింక్ కీ అనే రహస్య సంఖ్యను తయారుచేసుకుంటాయి. ఇద్దరి దగ్గరా చెరో నకలు ఉంటుంది. ఆ తర్వాత మూత తీసిన ప్రతిసారీ మిమ్మల్ని ఏమీ అడగకుండా ఆ రెండు నకళ్లూ సరిపోయాయా లేదా చూసుకుని కలిసిపోతాయి. ఏదో ఒక పక్క ఆ నకలు చెరిగిపోయిందనుకోండి. ఫోన్ పేరు గుర్తుపడుతుంది, కనెక్టింగ్ అని చూపిస్తుంది, మళ్లీ వెనక్కి తగ్గుతుంది. ఆండ్రాయిడ్‌లో ఒక్కోసారి పిన్ లేదా పాస్‌కీ తప్పు అనే సందేశం వస్తుంది. ఇయర్‌బడ్స్‌కి పిన్ ఏమిటని బుర్ర గోక్కుంటాం. అది అడుగుతున్నది మీరు కొట్టాల్సిన పిన్ కాదు, రెండు పక్కలా ఉన్న సంఖ్య కుదరడం లేదని దాని మొర.

ఇక్కడే సగం పని చేసి వదిలేసేది. ఫోన్‌లో మాత్రమే ఫర్గెట్ కొడితే, అంటే బ్లూటూత్ జాబితాలోంచి బడ్స్ పేరు తీసేస్తే, బడ్స్ దగ్గర పాత నకలు అలాగే ఉంటుంది. అవి పాత స్నేహితుడి కోసమే చూస్తూ, కొత్తగా పెయిరింగ్‌లోకి రాకపోవచ్చు. బడ్స్‌ని మాత్రమే రీసెట్ చేస్తే ఫోన్ దగ్గర పాత నకలు మిగిలిపోతుంది, ఆ పాత పేరు మీద నొక్కిన ప్రతిసారీ మొండికేస్తుంది. రీసెట్ చేశాక కూడా కావట్లేదని చెప్పేవాళ్లని అడిగి చూడండి, ఫోన్‌లో పాత పేరు ఇంకా ఉంటుంది.

మరి రెండింటిలో ముందు ఏది? పోయేదాన్ని బట్టి చూస్తే ఫర్గెట్. అందులో ఆ ఒక్క జత మాత్రమే పోతుంది. బడ్స్ రీసెట్‌లో అవి దాచుకున్న పరికరాల జాబితా అంతా పోతుంది, చాలా మోడళ్లలో మీరు మార్చుకున్న టచ్ కంట్రోల్స్, ఈక్వలైజర్ కూడా పోతాయి. కాబట్టి ముందు ఫోన్‌లో ఫర్గెట్ కొట్టి, బడ్స్‌ని చేత్తో పెయిరింగ్‌లో పెట్టి ఒకసారి ప్రయత్నించండి. కుదరకపోతే రెండూ కలిపి, ఈ వరసలో: ఫోన్‌లో ఫర్గెట్, ఫోన్‌లో బ్లూటూత్ ఆఫ్, బడ్స్ రీసెట్, మళ్లీ బ్లూటూత్ ఆన్, కొత్తగా పెయిర్. నన్ను ఏది మేలని ఒక్క మాటలో అడిగితే ఈ జంట వైద్యమే.

ఎయిర్‌పాడ్స్ వాళ్లకి ఒక హెచ్చరిక. ఐఫోన్‌లో ఫర్గెట్ కొడితే అదే ఆపిల్ ఖాతాతో ఉన్న ఐప్యాడ్, మ్యాక్‌లలోంచి కూడా అవి వెళ్లిపోతాయి. మళ్లీ ఒక్కచోట కలిపితే అన్నిచోట్లకీ వచ్చేస్తాయి కాబట్టి కంగారు పడక్కర్లేదు.

రీసెట్ ఎలా అన్నది మోడల్‌ని బట్టి మారుతుంది. కేసు మీద బటన్ ఉంటే సాధారణంగా బడ్స్ లోపల పెట్టి, మూత తెరిచి, లైటు రంగు మారేదాకా పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోవాలి. వెనక బటన్ ఉండే ఎయిర్‌పాడ్స్‌కైతే 15 సెకన్లు, లైటు ముందు నారింజ రంగులో, తర్వాత తెల్లగా వెలుగుతుంది. బటన్ లేని చవక రకాల్లో బడ్స్‌నే వేలితో నొక్కి పట్టుకోవాల్సి ఉంటుంది. డబ్బాలో వచ్చిన కాగితం పారేసి ఉంటారు, మోడల్ నంబర్‌తో కంపెనీ సైట్‌లో వెతికితే దొరుకుతుంది. యాప్‌లో కూడా రీసెట్ బటన్ ఇస్తారు గానీ, సాధారణంగా అది కనెక్ట్ అయి ఉన్నప్పుడే పని చేస్తుంది! ఎవరి కోసం పెట్టారో మరి.

మళ్లీ పెయిర్ చేసేటప్పుడు జాబితాలో ఒకే బడ్స్‌కి రెండు పేర్లు కనబడొచ్చు. పేరు ముందు ఎల్‌ఈ అని ఉన్నదాన్ని కాకుండా మామూలు పేరును ఎంచుకోండి. ఆ ఎల్‌ఈ పేరుకి కలిపితే కనెక్టెడ్ అని చూపించినా పాట రాకపోవచ్చు. కుడి, ఎడమ బడ్స్ వేర్వేరు పేర్లతో కనబడితే మాత్రం అవి ఒకదానికొకటి విడిపోయినట్టు. రెండింటినీ కేసులో పెట్టి, కలిపి రీసెట్ చేయాలి. కనెక్ట్ అయ్యాక కూడా కాల్స్ మాత్రమే వస్తూ పాట రాకపోతే, ఆండ్రాయిడ్‌లో ఆ పేరు పక్కనున్న గేర్ గుర్తు నొక్కి మీడియా ఆడియో ఆన్‌లో ఉందో లేదో చూడండి.

నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్

అందరూ తొందరగా చెప్పే సలహా ఇది, నేను ఆఖరున పెట్టేది. మీ ఫోన్ ఈ బడ్స్‌తోనే కాదు, స్పీకర్‌తోనూ కారుతోనూ దేనితోనూ కలవకపోతేనే దీనికి అర్థముంది. మిగతావన్నీ చక్కగా కలుస్తూ బడ్స్ ఒక్కటే కలవకపోతే, ఒక్క జత చెడినందుకు అన్ని జతలూ తెంపుకున్నట్టే. వైఫై పాస్‌వర్డులన్నీ పోతాయి. ఆండ్రాయిడ్‌లో బ్లూటూత్ రీసెట్ చేస్తే కారు, స్పీకర్, వాచీ అన్నీ మళ్లీ కలుపుకోవాలి. కొన్ని స్మార్ట్‌వాచీలు మొదటి నుంచీ సెట్ చేయించుకుంటాయి. ఐఫోన్‌లో వీపీఎన్ సెట్టింగ్స్ కూడా పోతాయి, ఆఫీసు పని ఇంటి నుంచి చేసేవాళ్లు గుర్తుంచుకోవాలి. ఇంటి వైఫై పాస్‌వర్డ్ ఎవరికి తెలుసో ముందే కనుక్కుని ఆ తర్వాత ఈ పనికి దిగండి.

ఇక ఫోన్‌నే ఫ్యాక్టరీ రీసెట్ చేయడమంటారా? బడ్స్ కోసం ఎప్పుడూ వద్దు. యూపీఐ యాప్‌లన్నీ మళ్లీ సిమ్‌తో ఎస్సెమ్మెస్ పంపి రిజిస్టర్ చేసుకోవడం, బ్యాంకు యాప్‌లు, వాట్సాప్ బ్యాకప్... ఓ పూట పోతుంది. ఇంకో ఫోన్‌తో పరీక్షిస్తే రెండు నిమిషాల్లో తేలే విషయానికి అంత అవసరం లేదు.

ఒక్క పక్కే పని చేస్తుంటే: రీసెట్టా, శుభ్రమా?

శుభ్రమే, అనుమానం లేదు. బడ్ అడుగున చిన్న లోహపు చుక్కలుంటాయి, కేసు గుంతలో వాటికి తగిలే పిన్నులుంటాయి. చెమట, చెవి గులిమి, జేబులో దుమ్ము అక్కడ పేరుకుంటే ఆ బడ్ ఛార్జ్ కాదు. కేసులో ఉన్నా లేనట్టే కేసు అనుకుంటుంది. అలాంటప్పుడు మీరు కేసు బటన్ నొక్కి ఎన్ని రీసెట్లు కొట్టినా ఆ బడ్‌కి చేరవు. విశాఖ, కాకినాడ లాంటి ఉక్క ఊళ్లలో జిమ్‌కి, నడకకి వాడేవాళ్లకి ఇది మామూలే. పొడి దూది పుల్లతో తుడవండి, జిడ్డుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక్క చుక్క చాలు. పూర్తిగా ఆరాకే ఛార్జింగ్‌కి పెట్టండి. పిన్నీసులు, నీళ్లు వద్దు. శానిటైజర్ జెల్ కూడా వద్దు, అది ఆరిపోయాక జిగురు పొర వదులుతుంది.

కేసే ఛార్జ్ కాకపోతే కేబుల్ మార్చి చూడండి. రెండు చివర్లా టైప్-సీ ఉన్న కేబుల్‌తో కొన్ని చవక కేసులు అస్సలు ఛార్జ్ కావు, ఒక చివర పాతకాలపు వెడల్పాటి యూఎస్‌బీ ఉన్న కేబుల్‌తో బ్రహ్మాండంగా అవుతాయి. ఛార్జర్ చెడిపోలేదు, కేసులో ఓ చిన్న రెసిస్టర్ పెట్టకుండా మిగుల్చుకున్నారంతే.

మాట తెగిపోవడాన్ని, కనెక్ట్ కాకపోవడాన్ని కలపకండి. బ్లూటూత్ నడిచేది వైఫై, మైక్రోవేవ్ ఓవెన్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలోనే. సికింద్రాబాద్ స్టేషన్ లాంటి రద్దీలో పాట ముక్కలవుతుంటే దానికి రీసెట్ మందు కాదు, ఫోన్‌ని వెనక జేబులోంచి తీసి ముందు పెట్టుకోవడమే.

బాగు చేయించడమా, కొత్తవా, నెక్‌బ్యాండా?

వారంటీ ఉంటే ఆలోచనే లేదు, సర్వీస్ సెంటర్. మన దగ్గర సాధారణంగా ఏడాది ఇస్తారు. బిల్లు ఆన్‌లైన్ ఆర్డర్ల పేజీలో దొరుకుతుంది. వారంటీలో ఉన్నా కాదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

వారంటీ దాటితే లెక్క మారుతుంది. ఒక్కో బడ్‌లో ఉండే బ్యాటరీ చాలా బుల్లిది, ఎక్కువవాటిలో 30 నుంచి 60 ఎంఏహెచ్. నెలల తరబడి డ్రాయర్లో పడి పూర్తిగా ఖాళీ అయితే మళ్లీ లేవకపోవచ్చు. పైగా బడ్ జిగురుతో అతికించి ఉంటుంది. హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ లాంటి చోట తెరిచి బాగు చేసే చేతులు దొరకొచ్చు గానీ, చవక బడ్స్‌కి ఆ కూలీ గిట్టదు. ఖరీదైన వాటికి కంపెనీ దగ్గర ఒక్క బడ్ విడిగా దొరుకుతుందేమో ముందు అడగండి. ఒక్కటే మార్పించుకుంటే మాత్రం పాతదానితో కలిపి మళ్లీ రీసెట్ చేయాలి.

కొత్తవే కొనాల్సి వస్తే, ఎవరికి అన్నది చూడాలి. రోజంతా కాల్స్‌లో ఉండేవాళ్లకి, డెలివరీ పని చేసేవాళ్లకి, సెట్టింగ్స్ అంటే విసుక్కునే నాన్నగారికి నెక్‌బ్యాండే నయం. కుడి ఎడమలు విడిపోయే బెడద లేదు, కేసు లేదు, పడిపోతే మెడలోనే ఉంటుంది, బ్యాటరీ కూడా పెద్దది. ఆన్‌లైన్ పరీక్ష రాసేవాళ్లకి, ఇంటర్వ్యూకి కూర్చునేవాళ్లకి వైరు ఇయర్‌ఫోన్ ఒకటి బ్యాగులో ఉండాలి, అది పెయిర్ అవ్వాల్సిన పనే లేదు. ఫోన్ పాతదైతే కొత్త బడ్స్ కలవవేమో అనే భయం మాత్రం అక్కర్లేదు. బ్లూటూత్ 5.3 అని రాసి ఉన్న బడ్స్ కూడా సాధారణంగా 4.2 ఉన్న ఫోన్‌తో కలుస్తాయి, కొత్త వెర్షన్ సదుపాయాలు కొన్ని రావు, అంతే.

తెచ్చిన రోజే కొత్త బడ్స్ ఒకటి కలవకపోతే రిటర్న్ పెట్టేముందు దాన్ని కేసులోంచి తీసి అడుగున చూడండి. చాలావాటికి ఛార్జింగ్ చుక్కల మీద పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి పంపిస్తారు. గోటితో పీకేసి, ఓ అరగంట ఛార్జింగ్ పెట్టి, అప్పుడు పెయిర్ చేయండి.