రాత్రి భోజనం సాయంత్రానికి జరిపాక: రెండేళ్ల ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్ అనుభవం

ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్ మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. అప్పుడు 82 కిలోలు ఉండేదాన్ని, ఇప్పుడు 73 దగ్గర నిలకడగా ఉన్నాను. రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే రక్తపరీక్షలో, షుగర్ జబ్బు గడప దాకా వచ్చిన నా హెచ్‌బీఏ1సీ 6.1 నుంచి 5.6కి దిగింది. నడుము పట్టేసే జాకెట్లు వదులు కుట్లు వేయించకుండానే పడుతున్నాయి. కాబట్టి పనికొస్తుందా అంటే పనికొస్తుందనే చెబుతాను. అయితే మనవాళ్లు ఫాస్టింగ్ అనగానే ముందు మానేసేది పొద్దున టిఫిన్. నా అనుభవంలో జరపాల్సింది అది కాదు, రాత్రి తొమ్మిదిన్నర భోజనం.

ఉపవాసం మనకు కొత్తేమీ కాదు. ఏకాదశి, శనివారం ఒక్కపొద్దు, కార్తీక సోమవారం చుక్కను చూశాక తినే నక్తం, ఇవన్నీ మన ఇళ్లలో ఉన్నవే. కానీ ఒక్కపొద్దు రాత్రి అన్నం బదులు ఉప్మా, రెండు పూరీలు, అరటిపండు, గ్లాసు పాలు తీసుకుంటే లోపలికి వెళ్లే తిండి తగ్గదు. ఈ పద్ధతిలో పలహారం అనే వెసులుబాటు లేదు. రోజులో ఎనిమిది గంటల్లోపు తినాల్సింది తినేసి, మిగతా పదహారు గంటలు నీళ్లు, పాలూ పంచదారా లేని కాఫీ లేదా టీతో సరిపెట్టడం. దీన్నే 16:8 అంటారు.

కొత్తవాళ్లు ఒకేసారి పదహారు గంటలకు దూకొద్దు. ముందు పన్నెండు చాలు: రాత్రి 8కి ముగించి పొద్దున 8కి తినడం. వినడానికి ఏముంది ఇందులో అనిపిస్తుంది గానీ, భోజనం తర్వాత టీవీ ముందు గుప్పెడు కారప్పూస, పడుకునే ముందు చక్కెర పాలు, లేవగానే కాఫీ, అన్నీ దీంతోనే పోతాయి. అది అలవాటయ్యాక పద్నాలుగు, ఆ తర్వాత ఓపికను బట్టి పదహారు. నాకు అన్నిటికంటే కష్టమైంది పొద్దున్నే చిక్కటి ఫిల్టర్ కాఫీ వదులుకోవడం. మొదట్లో పదకొండింటికల్లా తల పగిలిపోయేది. పాలు లేని కాఫీ అరకప్పు తాగడం మొదలుపెట్టాక, నీళ్లు పెంచాక తగ్గింది. నిమ్మకాయ నీళ్లలో చిటికెడు ఉప్పు కూడా సాయం చేస్తుంది, బీపీ ఉన్నవాళ్లు మాత్రం ఉప్పు జోలికి వెళ్లకూడదు.

మొదటి వారంలోనే రెండు కిలోలు తగ్గితే సంబరపడొద్దు. కాలేయంలోనూ కండరాల్లోనూ గ్లైకోజెన్ రూపంలో దాచుకున్న పిండిపదార్థం ఖర్చవుతుంది, ప్రతి గ్రాముకీ దాదాపు మూడు గ్రాముల నీటిని అది పట్టి ఉంచుతుంది. అది పోయేసరికి ఆ నీళ్లూ పోతాయి. కొవ్వు కరగడం తర్వాత నెమ్మదిగా మొదలయ్యే పని.

నేను మొదట పాటించింది అందరూ చెప్పే మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8. నేను బ్యాంకు ఉద్యోగిని. పొద్దున పిల్లలకు దోసెలు పోస్తూ, పల్లీ చట్నీకి తాలింపు పెడుతూ ఖాళీ కడుపుతో నిలబడటం ఒక పరీక్ష. అది దాటినా అసలు ఇబ్బంది సాయంత్రం వచ్చేది. ఇంటికి చేరేసరికి ఆవురావురుమంటూ ఆకలి, కాలనీ మలుపులో మిరపకాయ బజ్జీల బండి, ఎనిమిదిలోపే కదా అన్న ధీమా, దాని మీద భోజనం. పొద్దుటి టిఫిన్ మానినందుకు రాత్రి అన్నం రెండింతలయ్యేది. అది తిని పడుకుంటే గుండెల్లో మంట. మూడు నెలలకు బరువు కదలడం మానేసింది.

ఇది నా ఒక్కదాని సంగతి కాదని తర్వాత తెలిసింది. అమెరికాలో 116 మందితో 12 వారాలు చేసి 2020లో ప్రచురించిన ట్రయల్‌లో వాళ్లు పాటించింది సరిగ్గా ఈ 12–8 వేళలే. మామూలుగా మూడు పూటలా తిన్నవాళ్లకీ, వీళ్లకీ బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పైగా పోయిన బరువులో కండ వాటా ఎక్కువగా కనిపించింది. 2022లో చైనాలోని గ్వాంగ్‌జౌలో ఊబకాయం ఉన్న 139 మందిని ఏడాదిపాటు చూశారు. అందరికీ కేలరీలు ఒకేలా తగ్గించి, సగం మందిని ఉదయం 8 నుంచి సాయంత్రం 4 మధ్యే తినమన్నారు. వీళ్లు సగటున 8 కిలోలు, వేళ పట్టింపు లేనివాళ్లు 6.3 కిలోలు తగ్గారు. ఆ తేడా లెక్కలోకి తీసుకోదగ్గది కాదని పరిశోధకులే తేల్చారు. అంటే బరువు తగ్గేది తక్కువ తినడం వల్ల. గడియారం చేసేదల్లా తక్కువ తినడాన్ని తేలిక చేయడం. ప్రతి ముద్దకీ కేలరీలు లెక్కపెట్టుకోలేని నాలాంటి వాళ్లకు ఆ తేలికే కొండంత అండ.

2018లో వచ్చిన ఇంకో చిన్న అధ్యయనం నన్ను ఆలోచింపజేసింది. షుగర్ అంచున ఉన్న 8 మంది మగవాళ్లు మధ్యాహ్నం 3 లోపే ఆ రోజు చివరి భోజనం ముగించారు. బరువు తగ్గకపోయినా ఇన్సులిన్ పనితీరు, బీపీ మెరుగయ్యాయి. ఎనిమిది మందే కదా, దాన్ని పట్టుకుని శాసనం చేయలేం. కానీ నా హెచ్‌బీఏ1సీకి ఇది ప్రయత్నించి చూడదగ్గదనిపించింది.

వేళలు వెనక్కి జరిపాను. పొద్దున తొమ్మిదిన్నరకు మొదటి తిండి, సాయంత్రం ఆరులోపు చివరిది. మూడు గంటలకే ముగించడం ఉద్యోగంలో కుదరని పని. రోజూ రెండు డబ్బాలు పట్టుకెళ్తాను. కౌంటర్ మూశాక ఐదున్నరకు క్యాంటీన్ బల్ల మీద రెండో డబ్బా తెరుస్తాను. పై గిన్నెలో చల్లారిన రెండు పెసరట్లు, మూతకు అంటుకున్న అల్లప్పచ్చడి, కింద గిన్నెలో పెరుగు, పక్కన ఉడకబెట్టిన గుడ్డు. పెసరట్టు చల్లారితే బిరుసెక్కుతుంది, పెరుగులో నంజుకుంటే బాగుంటుంది. పక్క సీటు వాళ్లు మొదట్లో వింతగా చూసేవాళ్లు, ఇప్పుడు వాళ్లలో ఇద్దరు డబ్బా తెచ్చుకుంటున్నారు. రాత్రి మంట పోయింది, నిద్ర బాగా పడుతోంది, ఆగిపోయిన బరువు మళ్లీ దిగడం మొదలైంది.

దీనికి మూల్యం ఉంది, అదీ చెప్పాలి. మా ఇంట్లో అందరం కలిసి కూర్చునేది రాత్రి భోజనానికే. "అమ్మాయ్, నాలుగు మెతుకులైనా తినకుండా పడుకుంటే ఎలాగే?" అని మా అత్తయ్య చాలాకాలం బాధపడ్డారు. వాళ్లకు వడ్డించి, గోరువెచ్చటి జీలకర్ర నీళ్ల గ్లాసు పట్టుకుని వాళ్ల పక్కనే కూర్చుంటాను. ఆదివారం రాత్రి మాత్రం అందరితో కలిసే తింటాను. వారంలో ఆ ఒక్క పూట వదులుకునేంత గొప్పది ఏ డైటూ కాదు.

ఏ వేళకు తిన్నా పళ్లెంలో ఏముందన్నది తప్పించుకోలేం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ల 2024 మార్గదర్శకాల ప్రకారం రోజు శక్తిలో బియ్యం, గోధుమ, చిరుధాన్యాల వాటా 45 శాతం మించకూడదు. మన సగటు పళ్లెంలో అన్నమే కొండలా ఉంటుంది. నేను అన్నం ఒక కప్పుకు తెచ్చి, పప్పు చిక్కగా వండుతాను, కూర రెండింతలు పెడతాను. రోజూ పెసలో శనగలో గుడ్డో ఉండాల్సిందే. మొదటి తిండిలో ప్రొటీన్ ఉన్న రోజు సాయంత్రం దాకా ఆకలి గుర్తురాదు. ఇడ్లీ, చట్నీతో మొదలుపెట్టిన రోజు పన్నెండుకే చేయి డబ్బా మీదికి పోతుంది. కండ పోకుండా వారంలో కొన్ని రోజులు చిన్న డంబెల్స్, కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోవడం చేస్తాను. ఒక్క నడకతో కండ నిలవదు.

మావారికి మాత్రం నేను ఇది వద్దన్నాను. ఆయన షుగర్‌కు గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుంటారు. ఆ మాత్ర వేసుకుని తినకపోతే షుగర్ 70 కన్నా కిందికి పడిపోయి చెమటలు, వణుకు, స్పృహ తప్పడం దాకా వెళ్లొచ్చు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకూ అంతే. డాక్టర్‌తో మాట్లాడి మందు మోతాదు మార్పించుకోకుండా వాళ్లు ఈ జోలికే రాకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు, తిండి విషయంలో మానసికంగా సతమతమైనవాళ్లు దీనికి దూరంగా ఉండాలి. నెలసరి తప్పడం మొదలైతే, జుట్టు బాగా రాలితే గంటలు తగ్గించి డాక్టర్‌కు చూపించుకోండి.

పదహారు గంటలు దాటగానే ఆటోఫజీ (కణం తనలోని పాడైన భాగాలను తానే కరిగించి వాడుకోవడం) మొదలై క్యాన్సర్ కణాలు శుభ్రమవుతాయన్న వీడియోలు నమ్మొద్దు. ఆటోఫజీ నిజమే, యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ వచ్చింది దానికే. కానీ ఆయన దాన్ని ఛేదించింది ఈస్ట్ కణాల్లో. మనిషికి ఫలానా గంటకు అది మొదలవుతుందని ఆ బహుమతి చెప్పలేదు. అలాగే యాప్‌లకు డబ్బు కట్టొద్దు. ఒక యాప్ ఉచిత ట్రయల్ అని కార్డు నంబరు తీసుకుని ఏడాది చందా లాగేసింది, తిరిగి రాబట్టడానికి చాలా టెన్షన్ పడ్డాను. ఫోన్‌లో అలారం సరిపోతుంది.

ఇక పెళ్లిళ్ల సీజన్. రిసెప్షన్‌లో రాత్రి పదికి తప్ప భోజనాలు మొదలుకావు. అక్కడ తింటాను, తృప్తిగా తింటాను. మర్నాడు ఆ లెక్క సరిచేయాలని రోజంతా మాడితే సాయంత్రానికి ఏది కనిపిస్తే అది తింటాం. అందుకే మర్నాడు కూడా తొమ్మిదిన్నరకు ఎప్పటిలాగే నా మొదటి డబ్బా తెరుస్తాను.