జైలు జంపఖానాలు: ఏడాది వాడాక

పోయినేడు పైడితల్లమ్మ పండగప్పుడు ఎగ్జిబిషన్‌లో జైల్లో ఖైదీలు చేసిన వస్తువుల స్టాల్ కనబడితే నాలుగు జంపఖానాలు కొన్నాను. ఆరడుగుల పొడవు, నాలుగు వెడల్పు, ఒక్కోటి 650. మాది విజయనగరంలో టెంట్ హౌస్. మా దగ్గర జంపఖానా మీద పిల్లలు దొర్లుతారు, సాంబారు ఒలుకుతుంది, పని అయ్యాక కుర్రాళ్లు ఈడ్చుకెళ్లి ఆటోలో పడేస్తారు.

సరుకు గట్టిదే. నూలుది, చేత్తో పంజా (పోగుల్ని దగ్గరకి నొక్కే ఇనప దువ్వెన లాంటిది) కొట్టి నేసింది. మేం మామూలుగా తెప్పించే మిషన్ రకం ఒక్క పెళ్లిళ్ల సీజన్ దాటితే నడిమధ్యలో పలచబడిపోతుంది. ఇవి ముప్పై, నలభై ఫంక్షన్లు చూశాయి, ఒక్క పోగు లేవలేదు. కాకపోతే ఎర్ర అంచు మొదటి ఉతుకులోనే రంగు దిగి, పక్కనున్న తెల్ల గలీబులు గులాబీ రంగుకి తిరిగాయి. నాలుగింట్లో ఒకటి రెండంగుళాలు పొట్టి. వరసగా పరిస్తే తెలిసిపోతుంది.

మా నాన్న జూట్ మిల్లులో మగ్గాల మీద ఇరవై రెండేళ్లు చేశాడు, లాకౌట్ పడేదాకా. అంచు వేళ్లతో నలిపి చూసి, "బాగా నేశాడు. ఎంతిస్తారట్రా?" అన్నాడు. ఆ మాట స్టాల్‌లో అడగాలని నాకు తోచలేదు. బేరం మాత్రం ఆడాను. ఖైదీల పనికి న్యాయమైన కూలి ఇవ్వాలని సుప్రీంకోర్టు 1998లోనే చెప్పింది. నా బిల్లు మీద ధర ఉంది గానీ నేసినవాడికి ఎంతో లేదు.

డల్లాస్‌లో ఉన్న బావమరిదికి ఫోటో పంపితే ఫోన్ చేశాడు. "చైనాకి పోయిన ఫ్యాక్టరీల పని వెనక్కి రావాలంటే జైళ్లలో చేయించాలని ఇక్కడా అంటుంటారు బావా" అన్నాడు. అమెరికాలో ఫెడరల్ జైళ్లకి, అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వ జైళ్లకి, ఖైదీలతో పని చేయించే సొంత కంపెనీ 1934 నుంచి ఉంది. కూలి గంటకి 23 సెంట్ల నుంచి డాలరు 15 సెంట్ల దాకా. బయటి దేశాల జైళ్లలో తయారైన సరుకు మాత్రం దిగుమతి కాకూడదని 1930లోనే చట్టం పెట్టుకున్నారు! స్పీకర్‌లో విన్న నాన్న, "అయితే ఆ పని వచ్చినా మాలాంటోళ్లని పిలవరన్నమాట" అని టీ గ్లాసు పట్టుకుని అరుగు మీదకి వెళ్లిపోయాడు.

ఈ పండక్కి స్టాల్ పెడితే ఇంకో పది కొంటాను, నీలం అంచువి ఉంటేనే. నాన్ననీ తీసుకెళ్తాను. కూలి సంగతి వార్డరుని ఆయనే అడుగుతాడట.