కెన్‌పామ్ చందా కట్టవచ్చా? పర్డ్యూను ఓడించిన పొట్టి జట్టు సాక్షిగా

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌ను శ్రద్ధగా చూసేవాళ్లకు కెన్‌పామ్ కొత్త పేరు కాదు. వాతావరణ శాస్త్రం చదువుకున్న కెన్ పోమెరాయ్ ఇరవై ఏళ్లకు పైగా నడుపుతున్న అంకెల సైటు ఇది. జట్ల ర్యాంకుల పట్టిక అందరికీ ఉచితం. ఒక్కో జట్టు లోతైన వివరాలు, ఒక్కో మ్యాచ్ లెక్కలు, ఏ రోజుకారోజు అంచనాలు చూడాలంటే ఏడాదికి దాదాపు 25 డాలర్లు చందా కట్టాలి. నేను కడుతున్నాను, మళ్లీ కడతాను కూడా. కానీ ఎవరు కట్టాలి, ఎవరికి అక్కర్లేదు అన్నది వివరంగా చెప్పాల్సిన విషయం.

ఈ సేవకు నేను పెట్టే పరీక్ష ఒక్కటే. మార్చిలో జరిగే కాలేజీల జాతీయ పోటీ, ఎన్‌సీఏఏ టోర్నమెంటులో ఎవరూ వినని కాలేజీ ఒకటి పేరుమోసిన జట్టును ఇంటికి పంపిస్తుంది. మర్నాడు అందరూ ‘అద్భుతం’ అనేసి ఊరుకుంటారు. ఆ అద్భుతం ఏయే పనుల వల్ల జరిగిందో కెన్‌పామ్ విడదీసి చూపించగలదా? చాలావరకు చూపించగలదు. అందుకు నా దగ్గర ఉన్న మంచి సాక్ష్యం 2023 మార్చి 17న ఒహాయోలోని కొలంబస్‌లో జరిగిన మ్యాచ్: ఫెయిర్లీ డికిన్సన్ 63, పర్డ్యూ 58.

నేను చదివింది ఫెయిర్లీ డికిన్సన్‌లోనే. న్యూజెర్సీలో హాకెన్‌సాక్ నదికి అటూ ఇటూ, టీనెక్, హాకెన్‌సాక్ ఊళ్లలో పరుచుకున్న క్యాంపస్ అది. హైదరాబాదు నుంచీ, విజయవాడ నుంచీ ఎమ్మెస్ కోసం వచ్చి అక్కడ చదువుకున్న తెలుగువాళ్లు చాలామంది. తరగతులు, పార్ట్ టైమ్ ఉద్యోగం, వీసా గొడవల మధ్య మాలో ఎక్కువమందికి కాలేజీకి బాస్కెట్‌బాల్ జట్టు ఉందన్న ధ్యాసే ఉండేది కాదు. అలాంటి జట్టు ఒకటో సీడ్‌ను ఓడించిన పదహారో సీడ్ అయింది. సీడ్ అంటే టోర్నమెంటులో ఒక్కో విభాగంలోని జట్లకు బలాన్ని బట్టి ఇచ్చే వరుస సంఖ్య: ఒకటి అన్నిటికన్నా బలమైనది, పదహారు అట్టడుగు. ఈ టోర్నమెంటు 64 జట్లకు పెరిగిన 1985 నుంచి ఆ రోజు వరకు అలా జరగడం అది రెండోసారి మాత్రమే. పందెం కట్టేవాళ్లు పర్డ్యూ 23 పాయింట్లకు పైగా తేడాతో గెలుస్తుందని లెక్కగట్టారు.

ముందు ఆ జట్టు ఏ స్థితిలో వచ్చిందో చూడండి. అంతకుముందు సీజన్‌లో గెలిచింది నాలుగు మ్యాచ్‌లు, ఓడింది 22. కొత్త కోచ్ టోబిన్ ఆండర్సన్ కింది డివిజన్‌లోని చిన్న కాలేజీ నుంచి వచ్చాడు, తన పాత ఆటగాళ్లను కొందరిని వెంటబెట్టుకొచ్చాడు. లీగ్ ఫైనల్లో మెరిమాక్ చేతిలో ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయారు కూడా. మెరిమాక్ కింది డివిజన్ నుంచి కొత్తగా పైకి వచ్చిన జట్టు కావడంతో నిబంధనల ప్రకారం టోర్నమెంటుకు అర్హత లేదు. అలా ఆ చోటు వీళ్లకు దక్కింది. కెన్‌పామ్‌లో జట్ల సగటు ఎత్తుకు ఒక పట్టిక ఉంది. 363 జట్లలో ఫెయిర్లీ డికిన్సన్‌ది అట్టడుగు స్థానం. బంతిని నడిపించే గార్డులు డిమీట్రి రాబర్ట్స్, గ్రాంట్ సింగిల్టన్ ఆరడుగులకు మూడు నాలుగు అంగుళాలు తక్కువ. ఎదుట పర్డ్యూలో ఏడడుగుల నాలుగు అంగుళాల జాక్ ఎడీ, ఆ ఏడాది దేశంలో ఉత్తమ ఆటగాడు.

ఇక్కడే చందా డబ్బు పనికొస్తుంది. కెన్‌పామ్ జట్టు పేజీలో నాలుగు అంశాల వరుస ఉంటుంది. డీన్ ఆలివర్ అనే గణాంకవేత్త ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి అది. షాట్లు ఎంత బాగా పడుతున్నాయి, బంతిని ఎన్నిసార్లు పోగొట్టుకుంటున్నారు, తప్పిపోయిన సొంత షాట్లలో ఎన్నింటిని తిరిగి అందుకుంటున్నారు, ఎదుటివాళ్లు ఫౌల్ చేసినప్పుడు ఇచ్చే ఉచిత షాట్ల కోసం ఫ్రీ త్రో గీత దగ్గరికి ఎంత తరచుగా వెళుతున్నారు. ఆలివర్ వీటికి సుమారు 40, 25, 20, 15 శాతం బరువులు ఇచ్చాడు. మ్యాచ్‌లో జరిగే దాదాపు ప్రతి పనీ ఈ నాలుగింటిలో ఏదో ఒక గడిలో పడుతుంది.

పర్డ్యూ మ్యాచ్‌ను ఈ గడుల్లో పెట్టి చూస్తే కథ మారిపోతుంది. ఫెయిర్లీ డికిన్సన్ 60 షాట్లు ప్రయత్నిస్తే 23 మాత్రమే పడ్డాయి, అందులో ఏడు మూడు పాయింట్లవి. మూడు పాయింట్ల షాటుకు ఒకటిన్నర విలువ కట్టే లెక్కలో 44 శాతం. ఇది గొప్ప షూటింగ్ కాదు. ‘ఆ రోజు వాళ్లు పూనకం వచ్చినట్టు ఆడారు’ అన్న మాట అందుకే నిలవదు. పర్డ్యూకు 53 షాట్లలో 19 పడ్డాయి, మూడు పాయింట్ల షాట్లు 26 ప్రయత్నిస్తే అయిదు పడ్డాయి. అదే లెక్కలో దాదాపు 41 శాతం. రెండు జట్లూ పేలవంగానే షూట్ చేశాయి. తేడా మరోచోట ఉంది. దేశంలోకెల్లా పొట్టి జట్టుకు, దేశంలోకెల్లా ఎత్తయిన ఆటగాళ్లలో ఒకడున్న జట్టు కన్నా ఏడు షాట్లు ఎక్కువ దొరికాయి. పర్డ్యూ 16 సార్లు బంతి పోగొట్టుకుంది. ఎత్తుతో గెలవలేనిదాన్ని బంతి లాక్కోవడంతో పూడ్చుకున్నారు.

అది అనుకోకుండా జరిగింది కాదు. ఆండర్సన్ జట్టు కోర్టు పొడవునా ఒత్తిడి పెట్టి ఆడే జట్టు. పర్డ్యూ గార్డులు బ్రేడెన్ స్మిత్, ఫ్లెచర్ లోయర్ ఇద్దరూ మొదటి సంవత్సరం విద్యార్థులు. ఆ సీజన్ పట్టికల్లో ఫెయిర్లీ డికిన్సన్ ఎంత ఒత్తిడితో బంతి లాగుతోందో, పర్డ్యూ ఆటగాళ్ల అనుభవం ఎంతో చూడటానికి వీలుంది. అంతకు రెండు రోజుల ముందు డేటన్‌లో టెక్సాస్ సదర్న్‌ను 84-61తో ఓడించాక, పర్డ్యూను చూసేకొద్దీ ఓడించగలమన్న నమ్మకం పెరుగుతోందని ఆండర్సన్ తన కుర్రాళ్లతో అన్నాడు. ఆ వీడియో బయటికొచ్చి పెద్ద చర్చ జరిగింది. చాలామందికి అది పొగరుగా తోచింది. నాకు మాత్రం అది మ్యాచ్ టేపు శ్రద్ధగా చూసిన మనిషి మాటలా వినిపించింది.

మా అమ్మాయి స్కూలు జట్టులో గార్డు, వాళ్ల జట్టులో అందరికన్నా పొట్టి. ఆ మ్యాచ్ అంకెలు చూపిస్తే అడిగిన మొదటి ప్రశ్న: “నాన్నా, అంత ఎత్తువాడు పదకొండు షాట్లే ఎందుకు వేశాడు?” ఎడీకి పదకొండింటిలో ఏడు పడ్డాయి, మొత్తం 21 పాయింట్లు, 15 రీబౌండ్లు (తప్పిపోయిన షాట్ల బంతిని అందుకోవడం). అతడిని ఆపలేకపోయారు, కానీ అతడి చేతికి బంతి వెళ్లకుండా చూడగలిగారు. ముందు ఒకరు, వెనక ఒకరు నిలబడి, బంతి విసిరే గార్డు మీద ఒత్తిడి పెట్టి, మిగతావాళ్లను దూరం నుంచి షూట్ చేయనిచ్చారు. ఆ 26 మూడు పాయింట్ల షాట్లు అలా వచ్చినవే. కెన్‌పామ్ ఎడీవి పదకొండు షాట్లని చెబుతుంది గానీ, ముందొకరు వెనకొకరు నిలబడ్డారని చెప్పదు. దానికి మ్యాచ్ చూడాల్సిందే. ఈ సేవకు ఉన్న అతి పెద్ద పరిమితి ఇది, డబ్బు కట్టే ముందే తెలుసుకోవడం మంచిది.

నేను ఎక్కువసేపు గడిపే మరో గడి వేగం. ఒక జట్టు మ్యాచ్‌కు సగటున ఎన్నిసార్లు బంతి అందుకుంటుందో చూపే అంకె అది. కాలేజీ ఆటలో సాధారణంగా 70 లోపే. ఈ అంకె చిన్నదైనకొద్దీ చిన్న జట్టుకు మేలు. వానవల్ల ఇరవై ఓవర్లు పది ఓవర్లకు తగ్గిన క్రికెట్ మ్యాచ్‌లో బలహీన జట్టుకు ఆశ ఎందుకు పెరుగుతుందో మనవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. 2018లో వర్జీనియా 31 గెలిచి రెండే ఓడి, ఒకటో సీడ్‌గా వచ్చింది. దేశంలో అందరికన్నా తక్కువ పాయింట్లు ఇచ్చిన జట్టు, అందరికన్నా నిదానంగా ఆడే జట్లలో ఒకటి. ఎదురుగా బాల్టిమోర్ శివార్లలోని యూఎంబీసీ అనే కాలేజీ, పదహారో సీడ్. సగం మ్యాచ్ ముగిసేసరికి స్కోరు 21-21. తన నిదానంతోనే వర్జీనియా మ్యాచ్‌ను చిన్నది చేసింది. తర్వాత వెనకబడ్డాక వేగంగా ఆడి అందుకోవడం ఆ జట్టుకు అలవాటు లేదు. రెండో సగంలో యూఎంబీసీ 53 పాయింట్లు చేసింది. మ్యాచ్ మొత్తంలో జైరస్ లైల్స్ ఒక్కడే 28. మూడు పాయింట్ల షాట్లు 24లో 12 పడ్డాయి, వర్జీనియాకు 22లో నాలుగు. చివరికి 74-54. అంతవరకు ఒకటో సీడ్లు పదహారో సీడ్లను 135 సార్లు ఎదుర్కొని 135 సార్లూ గెలిచాయి.

అదే మ్యాచ్ కెన్‌పామ్ రెండో లోపాన్ని కూడా బయటపెడుతుంది. వర్జీనియా ఆటగాడు డీఆండ్రే హంటర్ మణికట్టు విరిగి ఆ టోర్నమెంటుకు దూరమయ్యాడు. ఈ సైటు ర్యాంకులు జరిగిపోయిన మ్యాచ్‌ల స్కోర్ల నుంచి పుడతాయి, గాయాలను లెక్కలోకి తీసుకోవు. అంచనా పేజీలో కనిపించే గెలుపు శాతాన్ని నమ్మే ముందు ఎవరు ఆడుతున్నారో విడిగా చూసుకోవాలి.

ఆటగాళ్ల పట్టికల విలువ తెలిసింది 2024లో. మిషిగన్‌లో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ట్రాయ్, రోచెస్టర్ హిల్స్‌కు దగ్గర్లోనే ఓక్‌లాండ్ యూనివర్సిటీ ఉంది. పద్నాలుగో సీడ్‌గా వచ్చి మూడో సీడ్ కెంటకీని 80-76తో ఓడించింది. జాక్ గోల్కీ 20 మూడు పాయింట్ల షాట్లు వేస్తే పది పడ్డాయి, మొత్తం 32 పాయింట్లు. చూసినవాళ్లు ఎక్కడి కుర్రాడని ఆశ్చర్యపోయారు. కెన్‌పామ్ పట్టికలో అతడి వరుస ముందే చదివినవాళ్లకు మాత్రం ఒక వింత కనిపించి ఉంటుంది: ఆ మ్యాచ్ నాటికి సీజన్ మొత్తంలో అతడు ప్రయత్నించిన రెండు పాయింట్ల షాట్లు ఎనిమిదే. మూడింటిలో ఒకటి పడే దూరపు షాటు, రెండింటిలో ఒకటి పడే దగ్గరి షాటుతో సమానం. పైగా దూరపు షాట్లు ఒక రోజు అసలు పడవు, ఒక రోజు వరసగా పడతాయి. మామూలుగా ఆడితే ఓడిపోయే జట్టుకు ఆ ఎగుడుదిగుడే కావాలి. గ్రెగ్ కాంప్ 1984 నుంచి అప్పటిదాకా ఓక్‌లాండ్ కోచ్‌గానే ఉన్నాడు. ఆ అనుభవంతోనే గోల్కీని వెనక్కి లాగకుండా షూట్ చేయనిచ్చాడు.

2022లో కెంటకీని ఓడించిన సెయింట్ పీటర్స్‌ది ఇంకో దారి. మా ఇంటి నుంచి కారులో దగ్గరే, జెర్సీ సిటీలో మన దుకాణాలుండే జర్నల్ స్క్వేర్‌కు కాస్త అవతల ఆ కాలేజీ. దాడి అంతంతమాత్రం, రక్షణ గట్టిది. ఆ ఏడాది దేశంలో ఉత్తమ ఆటగాడైన ఆస్కర్ షీబ్వే 30 పాయింట్లు, 16 రీబౌండ్లు తీసినా అదనపు సమయంలో 85-79తో గెలిచారు. తర్వాత ముర్రే స్టేట్‌నూ, పర్డ్యూనూ ఓడించి, చివరి ఎనిమిదిలోకి వెళ్లిన మొదటి పదిహేనో సీడ్ అయ్యారు. ర్యాంకు ఒక్కటే చూసినవాళ్లకు ఆ రక్షణ బలం కనిపించదు. ర్యాంకును దాడి, రక్షణ అని రెండుగా విడగొట్టి చూపడమే కెన్‌పామ్ చేసే అసలు మేలు.

లోపాలు ఇంకొన్ని. సైటు రూపం ఇరవై ఏళ్ల కిందటిదే: చిన్న అక్షరాలు, కిక్కిరిసిన గడులు. ఫోనులో చూడటం కష్టం. ఏ అంకె అంటే ఏమిటో చెప్పే సాయం తక్కువ, కొత్తవాళ్లు మొదటి వారం తికమకపడతారు. షాట్లు కోర్టులో ఎక్కడి నుంచి వేశారో చూపే బొమ్మలు లేవు. పాత రోజులు కావాలనుకునేవాళ్లకూ నిరాశే. 1985 ఫైనల్లో విల్లనోవా 28 షాట్లలో 22 వేసి జార్జ్‌టౌన్‌ను 66-64తో ఓడించిన మ్యాచ్ దాని పరిధిలో లేదు. ‘లక్’ అనే గడి మాత్రం నాకు ఇష్టం. ఒక జట్టు దాని ఆటతీరును బట్టి గెలవాల్సిన దానికన్నా ఎంత ఎక్కువ గెలిచిందో చెబుతుంది. దగ్గరి మ్యాచ్‌లన్నీ నెగ్గి పెద్ద సీడ్ తెచ్చుకున్న జట్టు ఏదో అక్కడ బయటపడుతుంది. బలహీన జట్టు తరఫున ఉండేవాళ్లు మొదట వెతకాల్సింది అలాంటి ప్రత్యర్థినే.

ఆఫీసులో సరదా పోటీకి బ్రాకెట్ (ఏ మ్యాచ్ ఎవరు గెలుస్తారో ముందే ఊహించి రాసే పట్టిక) నింపడానికే అయితే చందా అనవసరం, ఉచిత పట్టిక చాలు. ఏ చిన్న జట్టు గెలుస్తుందో ముందే చెప్పమని అడిగితే ఈ సైటు చెప్పదు. ఫెయిర్లీ డికిన్సన్‌కు కూడా అది దాదాపు ఏ ఆశా ఇవ్వలేదు. పిల్లలకు ఆట నేర్పేవాళ్లూ, వాళ్ల జట్లు ఎందుకు ఓడుతున్నాయో తెలుసుకోవాలనుకునే తల్లిదండ్రులూ మాత్రం కట్టండి. కట్టేదేదో సీజన్ మొదలయ్యే నవంబరులోనే కట్టండి. ఒక చిన్న లీగు జట్టును ఎంచుకుని, దాని ‘గేమ్ ప్లాన్’ పేజీలో ప్రతి మ్యాచ్‌కూ ఆ నాలుగు అంశాలు ఎలా మారుతున్నాయో చూస్తూ రండి. గెలిచిన రోజుల్లో ఏ గడి ప్రతిసారీ బాగుందో జనవరికల్లా తెలిసిపోతుంది. ఆ జట్టు మార్చిలో పెద్ద మ్యాచ్‌కు వస్తే, మొదటి పది నిమిషాల్లో మీరు చూడాల్సింది స్కోరును కాదు, ఆ ఒక్క గడినే.