న్యూరోట్రాన్స్‌మిటర్ యూరిన్ ప్యాకేజీ: విశాఖలో ఇంటి దగ్గర చేయించుకోవచ్చా?

న్యూరోట్రాన్స్‌మిటర్లంటే నరాల మధ్య సందేశాలు మోసే రసాయనాలు. వాటిని మూత్రంలో కొలుస్తామంటూ డిప్రెషన్, ఆందోళన ఉన్నవాళ్లకని అమ్ముతున్న ఈ ప్యాకేజీ ఆ పనికి మాత్రం వద్దు. అలాంటి రసాయనాల్లో ఒకటైన సెరటోనిన్ సంగతే చూడండి: ఒంట్లో ఉన్న దానిలో దాదాపు 90 శాతం పేగుల్లోనే తయారవుతుంది, అది రక్తం నుంచి మెదడులోకి దాటదు. మూత్రంలో తక్కువ కనిపిస్తే మెదడులో తక్కువని కాదు. ఈ రిపోర్టు చూసి మందులు మార్చడం, మానేయడం ప్రమాదం.

ఫియోక్రోమోసైటోమా (అడ్రినల్ గ్రంథిలో వచ్చే గడ్డ), కార్సినాయిడ్ (సెరటోనిన్ వదలగల గడ్డ) ఉన్నాయన్న అనుమానం ఉంటే 24 గంటల మూత్రపరీక్ష నిజంగా పనికొస్తుంది. సేకరణే కీలకం. లేవగానే వచ్చిన మొదటి మూత్రం వదిలేసి టైము రాసుకోండి. మర్నాడు అదే టైము దాకా, ఆ చివరిదానితో సహా అంతా కిట్‌తో ఇచ్చే క్యాన్‌లోకే. ఒక్కసారి తప్పినా మళ్లీ మొదటికే. క్యాన్‌లో యాసిడ్ ఉంటుంది కాబట్టి మగ్గులో పట్టి ఒంపండి. మన ఉక్కపోతకు ఫ్రిజ్‌లోనే ఉంచాలి. 5-హెచ్‌ఐఏఏ (సెరటోనిన్ విరిగితే వచ్చే పదార్థం) కొలిచేటప్పుడు మూడు రోజుల ముందు నుంచే అరటి, అనాస, టమాటా, అక్రోట్ మానాలి. కిట్‌లోని కాగితంలో ఈ పథ్యం ఊసే లేదు, క్షమించలేని లోపం.

పుట్టుకతో డోపమిన్ (ఇదీ ఒక న్యూరోట్రాన్స్‌మిటరే) లోపం అనుమానించిన పిల్లలకు వెన్నునీరే (వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం) తీయాలి. అందులో హెచ్‌వీఏ (డోపమిన్ విరిగితే వచ్చే పదార్థం) ఎంతన్నది ఆ నీరు ఎన్నో ట్యూబులో పట్టారన్న వరుసను బట్టి మారుతుంది, వరుస తప్పితే అంకె తప్పుతుంది. మూత్రం దానికి బదులు కాదు.