క్లచ్ జారే ట్రాక్టరా, గేరు ఊడే ట్రాక్టరా? పాతది కొనేటప్పుడు ఏది మేలు?

తొలకరి దగ్గర పడుతుందంటే చాలు, నన్ను అడిగేవాళ్లందరిదీ ఇంచుమించు ఒకటే ప్రశ్న. "రెండు బళ్లు చూశానండీ. ఒకదానికి క్లచ్ పట్టట్లేదు, రెండోదానికి గేరు నిలవట్లేదు. ఏది తీసుకోమంటారు?" నిరుడు నేనూ సరిగ్గా ఇక్కడే ఆగిపోయాను. విశాఖ దగ్గర పెందుర్తి వైపు చూసిన బండి గ్రావెలు, ఇటుకలు లాగిన ట్రాలీ బండి. క్లచ్ జారుతోంది. చోడవరం వైపు చూసింది పక్కా పొలం బండి, ఏటా దమ్ములోకి దిగింది. మూడో గేరు ఊడుతోంది. రెండింటి ఇంజన్లూ బాగున్నాయి, ధరలోనూ పెద్ద తేడా లేదు. పొలం బండే మంచిదని ఊళ్లో అందరూ అన్నారు. నేను పెందుర్తి బండి తెచ్చుకున్నాను.

క్లచ్ సంగతి ముందు చెప్తాను. జారుతోందో లేదో తేల్చడానికి పెద్ద విద్యేం అక్కర్లేదు. ముందు ఎవరూ లేని చోట బండి నిలిపి, బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, పై గేరు వేసి, కొంచెం ఎక్సలేటర్ మీద క్లచ్ మెల్లగా వదలండి. ఇంజను మూలిగి ఆగిపోతే క్లచ్ పడుతున్నట్టు. ఇంజను హాయిగా తిరుగుతూనే ఉంటే జారుతున్నట్టు, ప్లేటు అరిగిందో, దానికి నూనె తగిలిందో. ఒక్కసారి చాలు, పదే పదే చేస్తే ఉన్న కాస్త ప్లేటూ కాలిపోతుంది.

తర్వాత బండి కిందకి వంగి క్లచ్ హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం చూడండి. అక్కడ తడి ఉంటే వేలితో తీసి నలపండి. నల్లగా, పల్చగా ఉంటే ఇంజనాయిల్, అంటే ఇంజను వెనక సీలు పోయింది. చిక్కగా, ఘాటు వాసనతో ఉంటే గేరాయిల్, అంటే గేరుబాక్సులోకి వెళ్లే ఇన్‌పుట్ షాఫ్టు సీలు కారుతోంది. సీలు మార్చకుండా కొత్త ప్లేటు ఒక్కటే వేయిస్తే అది కూడా నూనె తాగి మళ్లీ జారుతుంది.

క్లచ్ మార్చాలంటే బండిని మధ్యకు విడదీయాల్సిందే, ఆ పని చిన్నదని చెప్పను. కానీ ఏమేం వేయాలో ముందే తెలుసు: ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, సీళ్లు, ఫ్లైవీల్ ముఖం గాట్లు పడి ఉంటే దానికి టర్నింగు. బేరానికి కూర్చునే ముందే గాజువాక ఆటోనగర్‌లో విడిభాగాల కొట్టుకి ఫోన్ చేసి ఆ సామాను ధరలు కనుక్కున్నాను. కూలితో కలిపి ఆ మొత్తం ధరలో తగ్గించమన్నాను. అమ్మేవాళ్లూ కాదనలేకపోయారు, లెక్క కళ్ల ముందే ఉంది మరి.

గేరుబాక్సుతో ఆ వెసులుబాటు లేదు. నా తీర్పంతా ఈ ఒక్క విషయం మీదే. గేరు ఎందుకు ఊడుతోందో విప్పేదాకా తెలియదు. గేరు జారకుండా పట్టి ఉంచే పైనుండే బాలు, స్ప్రింగు బలహీనపడి ఉండొచ్చు, అదైతే చిల్లర ఖర్చు. గేరును జరిపే ఫోర్కు అరిగి ఉండొచ్చు. పళ్ల అంచులు గుండ్రంగా అరిగిపోయి ఉండొచ్చు, షాఫ్టు బేరింగు వదులై ఉండొచ్చు. ఈ చివరి రెండూ అయితే గేర్లు జతలుగా మార్చాలి, బేరింగులూ పోతాయి. ఏ మెకానిక్కూ ముందుగా ఒక అంకె చెప్పలేడు. చెప్పినా దాని మీద నిలబడలేడు.

చోడవరం బండి దగ్గర నేను గమనించింది చెప్తాను. నడిపి చూపించిన కుర్రాడి చెయ్యి గేరు రాడ్డు మీద నుంచి లేవలేదు. "చెయ్యి తీసి నడుపు బాబూ" అన్నాను. తీసి, ఎక్సలేటర్ పెంచి ఒక్కసారిగా వదిలాడు. రాడ్డు టక్కుమని న్యూట్రల్‌కి వచ్చేసింది. చెరకు లోడుతో పల్లం దిగుతున్నప్పుడు ఇలా జరిగితే ఇంజను పట్టు పోయి బరువంతా బ్రేకుల మీద పడుతుంది. డబ్బు సంగతి తర్వాత, ప్రాణం సంగతి ముందు. కాబట్టి లో, హై రెండింట్లోనూ ప్రతి గేరులోనూ ఇలాగే ఎక్సలేటర్ పెంచి, వదిలి చూడండి.

ఆ రాడ్డు మొదట్లో రబ్బరు తొడుగు కూడా చిరిగి ఉంది. వాన నీళ్లు తిన్నగా గేరుబాక్సులోకి దిగే దారి అదే. దమ్ములో తిరిగిన బండికి యాక్సిలు సీళ్ల నుంచి కూడా నీళ్లు చేరతాయి. రాత్రంతా కదలని బండికి పొద్దున్నే, స్టార్ట్ చేయకముందే, డ్రైన్ బోల్టు కొంచెం వదులు చేయించండి. నీళ్లు నూనె కన్నా బరువు గనక అడుగున చేరి ముందు అవే వస్తాయి. నూనె పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిసి తిరిగినట్టు. బోల్టుకి అయస్కాంతం ఉంటే దాని మీద బూడిద రంగు మెత్తటి ముద్ద ఉండటం మామూలే. గోటికి తగిలే ముక్కలు ఉంటే మాత్రం లోపల పళ్లు రాలుతున్నాయి.

"ఆయిల్ మొన్ననే మార్చాం బాబూ" అని గొప్పగా చెప్తే ఇంకా జాగ్రత్త పడండి. చిక్కటి నూనె పోస్తే చల్లగా ఉన్నంతసేపు మోత వినపడదు. నాగలి వేసి అరగంట దున్నించి, నూనె వేడెక్కాక వినండి. న్యూట్రల్‌లో ఉన్నప్పుడు గీమని వచ్చే శబ్దం క్లచ్ తొక్కగానే ఆగితే అది గేరుబాక్సు ఇన్‌పుట్ బేరింగు. తొక్కినప్పుడే వస్తే రిలీజ్ బేరింగు, అది క్లచ్ ఖర్చులోనే కలిసిపోతుంది. గేరు వేసేటప్పుడు గరగర వచ్చిందని వెంటనే గేరుబాక్సుని అనొద్దు. పాత బళ్లలో క్లచ్ తొక్కి మూడు నాలుగు సెకన్లు ఆగి వేయాలి. అప్పటికీ గరగరలాడితే క్లచ్ పూర్తిగా వదలట్లేదేమో, ముందు పెడల్ ఆట, అంటే తొక్కగానే మొదట్లో ఉండే వదులు, సరిచేయించి చూడండి.

నాగలిని ఎత్తే లిఫ్టు దిగిపోతోంది అనే బళ్ల గురించీ అడుగుతుంటారు. లిఫ్టు ఒక్కటే లోపమైతే భయపడక్కర్లేదు, బేరం ఆడి తీసుకోండి. మలుపు తిరిగినప్పుడు వెనక హౌసింగ్‌లో కటకటమంటే మాత్రం వద్దు.

పొలం బండి మీదే మనసు పడితే ఒక దారి ఉంది. మీ మెకానిక్ ఎదురుగా, మీ ఖర్చుతో గేరుబాక్సు పై కవరు విప్పనివ్వమని అడగండి. పళ్ల అంచులు పదునుగా ఉండి, తప్పంతా స్ప్రింగుదే అయితే అది ట్రాలీ బండి కన్నా మంచి బేరం, కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. చోడవరంలో నేను అదే అడిగాను. విప్పనివ్వలేదు. ఆ సాయంత్రమే పెందుర్తి వెళ్లి అడ్వాన్సు ఇచ్చాను.