తవుడు కొనుక్కోవచ్చు, సలహా మాత్రం తెచ్చుకోకండి: చీపురుపల్లి – రాజాం దారిలోని ఒక దాణా దుకాణం

మా ఊరు చీపురుపల్లి నుంచి రాజాం వెళ్ళే రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది. బడి ఉద్యోగం నుంచి విరమించాక నేనూ నా భార్యా మూడు గేదెలను సాకుతున్నాం. రెండు పాలిస్తున్నాయి, ఒకటి నెలలు నిండుతున్న చూడి గేదె. తవుడుకూ తెలగపిండికీ నాలుగేళ్ళుగా ఆ రోడ్డు మీదున్న ఒకే దుకాణానికి వెళ్తున్నాం కాబట్టి ఇది ఒక్క రోజు కోపంతో రాస్తున్న మాట కాదు. దుకాణం పేరు కావాలనే రాయలేదు; ఇదే తీరు అమ్మకం మరికొన్ని చోట్ల కూడా సాగుతోందని పాల కేంద్రం దగ్గర తోటి రైతులు చెబుతున్నారు.

బాగున్న సంగతులు ముందు చెప్పాలి. తవుడు తాజాగా ఉంటుంది, కాటా నిక్కచ్చిగా ఉంటుంది, పొద్దున్న ఆరింటికే తలుపు తీస్తారు, ఆటోలో ఇంటికి పంపమంటే పంపుతారు. వీటి వల్లే నమ్మకం కుదిరింది, ఆ నమ్మకం మీదే తర్వాతి వ్యవహారమంతా నడిచింది.

మాఘమాసంలో ఒక రోజు తవుడు కోసం వెళ్తే, యజమాని బస్తా కాటా మీద పెట్టకుండానే మాట కలిపాడు. “మాస్టారూ, ఇంకా ఈ తవుడూ పిండీ ఏంటండి? ఈ దాణా పెట్టి చూడండి, పది రోజుల్లో పూటకో లీటరు పెరక్కపోతే నన్నడగండి” అన్నాడు. ఆలోచించుకుని చెబుతానంటే, “రేపటి నుంచి బస్తాకు నూటేభై పెరిగిపోతాది, ఈ రోజే దించుకోండి, నాలుగు బస్తాలకు స్టీలు బకెట్ కూడా ఉంది” అన్నాడు. యాభై కిలోల బస్తా 1,500 రూపాయలు. నాలుగు బస్తాలు తెచ్చేశాను. నెల దాటాక అటు వెళ్ళి అడిగితే ధర ఇంకా 1,500 దగ్గరే ఉంది.

మర్నాడు పాలు పిండే వేళకు, ముందుగా ఒక్క మాటైనా చెప్పకుండా, దుకాణం కుర్రాడు మోటారు సైకిలు మీద తెల్లకోటు వేసుకున్న ఒకాయనను వెంటబెట్టుకుని వచ్చి “డాక్టరు గారు” అని పరిచయం చేశాడు. గేదె ఈని ఎన్నాళ్ళయిందో ఆయన అడగలేదు, జ్వరం చూడలేదు. పొదుగు కింద ఒకసారి చెయ్యిపెట్టి, కాల్షియం లోపమనీ కాలేయం మందగించిందనీ తేల్చేసి, ఐదు లీటర్ల కాల్షియం డబ్బా ఒకటి, లివర్ టానిక్ ఒకటి రాసిచ్చాడు. రెండూ కుర్రాడి సంచిలో సిద్ధంగానే ఉన్నాయి. మీరు ఏ ఆసుపత్రిలో పనిచేస్తారని నా భార్య అడిగితే, కంపెనీ తరఫున సర్వీసుకు వచ్చానన్నాడు. భారత పశువైద్య మండలి చట్టం, 1984 ప్రకారం పశువైద్యం చేయాలంటే నమోదైన పశువైద్యుడై ఉండాలి. అమ్మకానికి వచ్చిన మనిషికి కోటు తొడిగి ఆ పేరు పెట్టడం నాకు అన్నిటికంటే తప్పుగా తోచింది.

దాణా ఎంత పెట్టాలన్న ప్రశ్నకు ఆయనిచ్చిన జవాబు రోజుకు ఏడు కిలోలు, పాత తవుడూ పిండీ ఈ పూట నుంచే బంద్. మా గేదె అప్పటిదాకా రోజుకు రెండు కిలోల తవుడు, కిలో తెలగపిండి, వరిగడ్డి, గట్టు మీది పచ్చగడ్డి తిని ఆరు లీటర్లు ఇచ్చేది. చెప్పినట్టే పెట్టాం. మూడో రోజు పొద్దున నా భార్య దొడ్లోంచి పిలిచింది. గేదె తల వాల్చుకుని నిలబడి ఉంది. నెమరు వేయడం లేదు. పేడ పలచబడి, పులిసిన కుడితి వాసన వేస్తోంది. ఎడమ డొక్క మీద అరచెయ్యి పెట్టి నొక్కితే లోపల నీళ్ళ తిత్తిలా తొణికింది. ఆ పూట చేపనే లేదు, పొదుగులోకి పాలు దిగనే లేదు. పిండగా పిండగా చెంబుడు పాలు వచ్చాయి.

దుకాణానికి ఫోన్ చేశాను. “అలవాటయ్యేదాకా అలాగే ఉంటాది మాస్టారూ. దాణా ఆపకండి, ఆపితే పాలు ఇంకా తగ్గిపోతాయి. కుర్రాడితో ఇంకో టానిక్ పంపిస్తాను. ఆసుపత్రివాళ్ళను మాత్రం పిలవకండి, సూదులు పొడిచి పాలు ఎండగొడతారు” అన్నాడు. దాణా కొనమని బలవంతపెట్టడాన్ని వ్యాపారంలో సహజమేనని సరిపెట్టుకోగలను గానీ, జబ్బుపడిన మూగజీవం దగ్గరికి వైద్యుడిని రానివ్వవద్దని చెప్పడాన్ని నేను ఏనాటికీ క్షమించలేను.

1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వచ్చింది. వైద్యురాలు చూడగానే దాణా ఎప్పుడు మార్చారని అడిగారు. పశువు పెద్దపొట్టలో గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు వేరు, పిండిపదార్థాన్ని అరిగించేవి వేరు. మేత మార్చాలంటే వాటికి కనీసం వారం పది రోజులు వ్యవధి ఇస్తూ, పాతది కొద్దికొద్దిగా తగ్గించి కొత్తది పెంచాలి. ఒక్కసారిగా ఎక్కువ దాణా పడితే పొట్టలో ఆమ్లం పెరిగిపోయి నెమరు ఆగిపోతుంది, ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. దాణా పూర్తిగా ఆపించి, వట్టి వరిగడ్డి వేయమన్నారు. తినేసోడా తన కొలత ప్రకారం పట్టించారు. నాలుగో రోజుకు నెమరు వచ్చింది.

రోజుకు ఎంత పెట్టాలో కూడా ఆమే లెక్క చెప్పారు. ఒళ్ళు నిలుపుకోవడానికి ఒకటి నుంచి ఒకటిన్నర కిలో, ఆపైన ప్రతి రెండు లీటర్ల గేదె పాలకు ఒక కిలో. అంటే ఆరు లీటర్ల గేదెకు నాలుగు, నాలుగున్నర కిలోలు. ఏడు ఎక్కడిదో నాకు అర్థం కాలేదు. కాగితం మీద లెక్క వేస్తే ఇంకో సంగతి బయటపడింది. ఏడు కిలోల దాణా ఖరీదు 210 రూపాయలు. మా తవుడూ పిండీ ఖర్చు 85 దాటేది కాదు. దుకాణదారు మాట నిజమై రోజుకు రెండు లీటర్లు పెరిగినా, మా కేంద్రంలో వెన్నను బట్టి లీటరుకు సుమారు 55 వస్తుంది కాబట్టి 110 రూపాయలు అదనంగా చేతికొచ్చేది, దాణాకు మాత్రం 125 అదనంగా పోయేది.

వెళ్ళబోతూ ఆమె చూడి గేదె పక్కనున్న కాల్షియం డబ్బా చూసి ఆగిపోయారు. ఈనేదాకా రోజూ పట్టించమని కోటాయన చెప్పాడని చెప్పాం. చివరి వారాల్లో కాల్షియం నోటి ద్వారా దండిగా అందుతుంటే ఎముకల్లోంచి తీసుకునే పని ఒంటికి మందగిస్తుందట. ఈనిన వెంటనే జున్నుపాలకు ఒక్కసారిగా కాల్షియం అవసరమైనప్పుడు రక్తంలో అది పడిపోయి, గేదె పాలజ్వరంతో కూలబడే ప్రమాదం పెరుగుతుంది. మేలు చేస్తున్నామనుకుంటూ అప్పటిదాకా రోజూ పట్టించాం. ఆ రోజే ఆపేశాం. ఆ గేదె తర్వాత క్షేమంగా ఈనింది, పెయ్యదూడ.

అప్పుడు గానీ నేను బస్తా మీది రాత చదవలేదు, ఆ తప్పు నాది. కరపత్రంలో ప్రోటీన్ 22 శాతమని పెద్ద అంకెలు. బస్తా అడుగున చిన్న అక్షరాల్లో 18. తయారీ తేదీ ఉండాల్సిన చోట సిరా అలికిపోయింది. ఐఎస్ఐ గుర్తు లేదు. పశువుల మిశ్రమ దాణాకు ఐఎస్ 2052 అనే భారతీయ ప్రమాణం ఉంది. అందులో మొదటి రకానికి కనీసం 22 శాతం, రెండో రకానికి 20 శాతం ముడి ప్రోటీన్ ఉండాలి, తేమ 11 శాతం మించకూడదు. మన రాష్ట్రంలో పశుదాణా తయారీ, నాణ్యత, అమ్మకాల నియంత్రణకు 2020లో ప్రత్యేక చట్టమే వచ్చింది. నమ్మకమైన దుకాణమని మనం చూడటం మానేసిన చోటే ఇవన్నీ జరుగుతున్నాయి.

విప్పని మూడు బస్తాలు వెనక్కి తీసుకోమని అడగడానికి వెళ్ళాను. అమ్మిన సరుకు వెనక్కి తీసుకునేది లేదన్నాడు. బిల్లు ఇవ్వమంటే, దాణాకు జీఎస్టీ లేదు కాబట్టి బిల్లు అక్కర్లేదని కరపత్రం వెనక 6,000 అని రాసిచ్చాడు. పన్ను లేకపోతే బిల్లు ఉండదనడం అబద్ధం. బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లోనే చేర్చింది. జీవనోపాధి కోసం తానే వాడుకోవడానికి కొన్న రైతు కూడా ఆ చట్టం దృష్టిలో వినియోగదారుడే. ఇదంతా ఆయనకు నెమ్మదిగానే చెప్పాను. ఆయన గొంతు తగ్గించి, చేపు రావడానికి చిన్న సీసా ఒకటుంది, పూటకో చుక్క సూది చాలు, ఉచితంగా ఇస్తానన్నాడు. సీసా మీద కాగితం లేదు. పాల కోసం పశువు ఆరోగ్యం చెడేలా సూది వేయడం జంతుహింస నివారణ చట్టం, 1960లోని 12వ సెక్షన్ కింద నేరం, జైలు శిక్ష కూడా ఉంది. నేను లేచి వచ్చేశాను.

ఐదు నక్షత్రాలకు నేను ఒకటే ఇస్తున్నాను, అది తవుడుకు. అక్కడికి వెళ్ళేవారు తవుడు తూయించుకుని రండి, బస్తా దాణా కావాలంటే తేదీ, ఐఎస్ఐ గుర్తు, ప్రోటీన్ శాతం మీ కళ్ళతో చదివి, బిల్లు మీద బ్యాచ్ నంబరు రాయించుకోండి. మేత మార్పు గురించి మాత్రం మండలంలోని పశువుల ఆసుపత్రిలో గానీ, రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడిని గానీ అడగండి. దానికి ఖర్చేమీ లేదు.

వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫిర్యాదు నమోదు చేయించాను, బస్తా ఫోటోలతో పశువుల ఆసుపత్రిలో అర్జీ కూడా ఇచ్చాను. మూడు బస్తాలూ మా అరుగు మీద చెక్కల పైన అలాగే ఉన్నాయి. జబ్బుపడిన గేదె నిన్న సాయంత్రానికి నాలుగున్నర లీటర్లకు వచ్చింది.