బ్యాక్ బటన్ నొక్కకూడదట! ఆ ట్రాన్సిషన్ కిట్ కొనేముందు ఇది చదవండి

పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. ఫ్లట్టర్ (ఒకే కోడ్‌తో మొబైల్, వెబ్ యాప్‌లు చేసుకునే సాధనం) గ్రూపుల్లో వారానికి రెండుసార్లు "ప్రీమియం స్క్రీన్ ట్రాన్సిషన్ కిట్, 60 స్క్రీన్లు, మొబైల్‌కీ వెబ్‌కీ ఒకే కోడ్" అని పోస్టు పెడతాడే, ఆయనే. మొన్నటిదాకా ఆ పోస్టులకి లైకులు కొట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఇంకో ఇద్దరికి షేర్ కూడా చేశాను. వాళ్ళు ఇది చదువుతుంటే ముందే క్షమించమని అడుగుతున్నాను.

సంగతి గబగబా చెప్పేస్తాను. మంగళగిరిలో ఒక చీరల షాపుకి యాప్ చేస్తున్నాను. సరుకు చూపించే యాప్, అంతే. లిస్టు, చీర వివరాలు, కార్ట్, పేమెంట్. పండగ సీజన్ నెత్తి మీదికి వచ్చేసింది. పేజీ నుంచి పేజీకి వెళ్ళేటప్పుడు యానిమేషన్లు నేనే రాసుకోవచ్చు, రాకపోవడం కాదు, బద్ధకం. 6,499 రూపాయలు క్యూఆర్ కోడ్‌కి కొట్టాను. బిల్లు అడగలేదు. రీఫండ్ ఇస్తారా అని అడగలేదు. డెమో వీడియో మాత్రం పదిసార్లు చూశాను. ఎంత తెలివైనవాణ్ణో చూడండి.

డబ్బు పడేదాకా "సార్". పడ్డాక "బ్రో". ఏదైనా అడిగితే "నువ్వు". ఈ క్రమం గుర్తుపెట్టుకోండి.

బుధవారం షాపు పెద్దాయనకి చూపించాను. ఆయన ఫోన్‌లోనే, ఎందుకంటే రేపు వాడేది అలాంటి ఫోన్లే కదా. లిస్టులో కిందికి కిందికి వెళ్ళి ఒక చీర నొక్కారు. బొమ్మ పెద్దదై ఎగురుకుంటూ వచ్చింది. "బాగుంది బాబూ" అన్నారు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. తర్వాత దాని పక్క చీర చూద్దామని బ్యాక్ నొక్కారు. యాప్ మూసుకుపోయింది.

"ఇది ఆరిపోయిందేంటి బాబూ?"

మళ్ళీ తెరిచాం. మళ్ళీ మొదటి నుంచి లిస్టు. చీర, బ్యాక్, బయటికి. మూడోసారీ అంతే. చివరికి ఆయనే నన్ను ఓదార్చారు: "నా ఫోన్ పాతదిలే, దానిదే అయ్యుంటుంది." కాదండీ, తప్పు ఫోన్‌ది కాదు అని చెప్పడానికి నోరు రాలేదు. ఆయన అలా అనకుండా నాలుగు తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

ఇంటికొచ్చి కోడ్ తెరిచాను. పుష్ రీప్లేస్‌మెంట్ అని వెతికితే 41 చోట్ల దొరికింది. మామూలు పుష్ ఒక్కటంటే ఒక్కటి లేదు. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళకి: పేజీలు ఇస్త్రీ బట్టల దొంతర లాంటివి. పుష్ అంటే పాత పేజీ మీద కొత్తది పెట్టడం, బ్యాక్ నొక్కితే పైది తీసేస్తుంది, కిందది ఎక్కడ వదిలామో అక్కడే ఉంటుంది. పుష్ రీప్లేస్‌మెంట్ అంటే కిందది అవతల పారేసి దాని చోట కొత్తది పెట్టడం. లాగిన్ అయ్యాక మళ్ళీ లాగిన్ పేజీ కనపడకూడదు చూడండి, అలాంటి చోట వాడాలి. ఈయన అన్నిచోట్లా అదే వాడాడు. అందుకే దొంతరలో ఎప్పుడూ ఒకటే బట్ట. బ్యాక్ నొక్కగానే తీయడానికి కింద ఏమీ లేక ఆండ్రాయిడ్ యాప్‌నే బయటికి పంపిస్తోంది.

సరే, పొరపాటయి ఉంటుంది, చెబితే సరిచేస్తాడు అనుకున్నాను. సాయంత్రం ఫోన్ చేశాను. మూడుసార్లు కట్ చేసి నాలుగోసారి ఎత్తాడు.

"అన్నా, వివరాల పేజీలో బ్యాక్ కొడితే యాప్ మూసుకుపోతోంది."

"పైన ఎడమవైపు బాణం ఇచ్చాను కదా బ్రో, అది వాడండి."

"అది నొక్కినా లిస్టు మళ్ళీ మొదటినుంచి వస్తోందన్నా. నలభయ్యో చీర దగ్గరున్న మనిషి మళ్ళీ అంతా కిందికి దిగాలి. అయినా అందరూ ఫోన్ అంచు నుంచి వేలితో లాగుతారు గానీ బాణం ఎవరు వెతుక్కుంటారు?"

ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. వెనకాల టీవీ చప్పుడు. తర్వాత అన్నాడు చూడండి:

"అసలు బ్యాక్ నొక్కమని నీ కస్టమర్‌కి ఎవడు చెప్పాడు? డెమో వీడియోలో నేనెక్కడైనా బ్యాక్ నొక్కానా? చూసే కదా కొన్నావు?"

నాకు నోట మాట రాలేదు. చీర ఇంటికి తీసుకెళ్ళి మడత విప్పితే చిరుగు కనపడి, షాపుకి వెళ్ళి అడిగితే "మడత ఎవడు విప్పమన్నాడు" అన్నట్టుంది. అంతకంటే మంట ఏంటంటే, ఆయన చెప్పింది నిజం. పదిసార్లు చూశాను, వీడియో మొత్తంలో ఒక్కసారి కూడా వెనక్కి రాలేదు. ముందుకు, ముందుకు, ఇంకా ముందుకు, చివరికి ఆర్డర్ పూర్తయిందని టిక్కు. నాకు తట్టలేదు.

"నేనమ్మింది యానిమేషన్, నావిగేషన్ కాదు. రెండూ వేరు. ముందు బేసిక్స్ నేర్చుకో" అని పెట్టేశాడు.

వేరట! కుడివైపు నుంచి వచ్చిన పేజీ వెనక్కి వెళ్ళేటప్పుడు కుడివైపుకే పోతుంది. లిస్టులో చిన్న బొమ్మ పెద్దదైతే, వెనక్కి వచ్చేటప్పుడు మళ్ళీ చిన్నదై తన చోట్లోనే కూర్చుంటుంది. ఎక్కడి నుంచి వచ్చాం, ఎటు పోతున్నాం అని కంటికి చెప్పడానికే కదా ఈ యానిమేషన్లన్నీ. తిరిగొచ్చే దారి తీసేశాక మిగిలేది పెళ్ళి వీడియోలో ఎఫెక్టులే. ఇవన్నీ ఆయన ఫోన్ పెట్టేశాక రాత్రి పడుకునేటప్పుడు తోచాయి, ఎప్పటిలాగే.

మర్నాడు పొద్దున "ఫిక్స్ చేశా" అని ఒక ఫైల్ పంపాడు. ఆహా అనుకున్నాను. ప్రతి పేజీనీ విల్‌పాప్‌స్కోప్‌లో (బ్యాక్ నొక్కినప్పుడు వెళ్ళనివ్వాలా వద్దా అని చెప్పే తొడుగు) చుట్టి, బ్యాక్ నొక్కితే ఫాల్స్, అంటే వద్దు, అని ఇచ్చేలా పెట్టాడు. అంటే ఇప్పుడు బ్యాక్ నొక్కితే యాప్ మూసుకోదు. ఏమీ జరగదు! నొక్కుతూనే ఉండొచ్చు. నిన్న ఇంట్లోంచి గెంటేశాడు, ఇవాళ లోపల పెట్టి తాళం వేశాడు. పైగా ఆ విల్‌పాప్‌స్కోప్‌ని ఫ్లట్టర్ 3.12 తర్వాత వాడొద్దని చెప్పి దాని బదులు పాప్‌స్కోప్ ఇచ్చారు. కొత్త ఆండ్రాయిడ్‌లో వేలితో లాగుతుండగానే వెనకున్న పేజీ తొంగిచూస్తుంది కదా, దానికి వెనక్కి వెళ్ళొచ్చా లేదా అన్నది వేలు పెట్టకముందే తెలియాలి. నొక్కాక ఆలోచించుకుని చెబుతానంటే కుదరదు. నాకు బేసిక్స్ రావన్న మనిషి పంపిన ఫిక్స్ ఇది.

అప్పుడు మళ్ళీ డెమో వీడియో పెట్టుకుని కూర్చున్నాను, ఈసారి పోలీసులా. పదకొండోసారికి కనపడింది. ఫోన్ పైన టైమ్ 9:41. రెండున్నర నిమిషాల వీడియో, చివర్లోనూ 9:41. యాపిల్ ప్రకటనల్లో ఉండే టైమ్, డిజైన్ టెంప్లేట్లలో ఫోన్ బొమ్మలకి ఎక్కువగా పెట్టేదీ అదే. అంటే అది నడుస్తున్న యాప్ కాదు, ఫిగ్మా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గీసిన బొమ్మలు! అక్కడ రెండు ఫ్రేముల్లో లేయర్లకి ఒకటే పేరు పెట్టి స్మార్ట్ యానిమేట్ అంటే చాలు, మధ్యలో కదలిక అదే అల్లుకుంటుంది. నెట్‌వర్క్ లేదు, డేటా లేదు, చవక ఫోన్ లేదు, బ్యాక్ అసలే లేదు. వెన్నలా జారక ఏం చేస్తుంది? "లైవ్ డెమో" అని రాశాడు కింద. మనిషి లైవ్‌లోనే ఉండి గీశాడు కాబట్టి అయ్యుండొచ్చు.

మిగతావి కూడా చెప్పేస్తాను, కోపం తగ్గేలోపు. ఎగిరే బొమ్మకి ఫ్లట్టర్‌లో హీరో అనేది వాడతాం కదా, దానికి ఒక్కో చీరకి ఒక్కో ట్యాగ్, అంటే గుర్తింపు పేరు, ఉండాలి. ఈయన అన్నిటికీ ఒకటే ట్యాగ్ రాసిపడేశాడు. డీబగ్‌లో (మనం తప్పులు వెతుక్కునేటప్పుడు నడిపే పద్ధతి) నడిపితే ఒకే ట్యాగ్‌తో చాలామంది హీరోలున్నారని ఎర్రర్, అచ్చం మల్టీస్టారర్ గొడవే. జనానికి ఇచ్చే రిలీజ్ బిల్డ్‌లో ఎర్రర్ రాదు, కానీ పైనున్న చీర నొక్కితే బొమ్మ ఎక్కడో కిందున్న చీర చోటు నుంచి ఎగిరొస్తోంది. పెద్దాయనకి చూపించే ముందు నేను పరీక్షించింది ఎన్ని చీరలతో? ఒక్క చీరతో. అవును, ఒక్కటే. తిట్టుకోండి.

ప్రతి పేజీ మార్పుకీ 1200 మిల్లీసెకన్లు పెట్టాడు. ఇలాంటి సొంత యానిమేషన్లకి ఫ్లట్టర్‌లో వాడే పేజ్‌రూట్‌బిల్డర్‌లో మనం ఏమీ ముట్టుకోకపోతే ఉండేది 300. నాలుగు రెట్లు. మొదటిసారి అబ్బో అనిపిస్తుంది, పదోసారికి ఆవలింత వస్తుంది. దాని మీద స్క్రీన్ మొత్తానికి బ్లర్. 60 హెర్ట్జ్ ఫోన్‌లో ఒక్కో ఫ్రేముకి ఉండేదే 16 మిల్లీసెకన్లు, అందులో తెర మొత్తం మసక చేస్తూ పేజీ జరపాలంటే చవక ఫోన్ ఎక్కడ తట్టుకుంటుంది? ఆర్టీసీ బస్సు గతుకుల్లో పోయినట్టు పోతోంది. వెబ్ వెర్షన్ సంగతైతే అడగొద్దు. ఏ పేజీకి వెళ్ళినా అడ్రస్ మారదు. చీర లింకు వాట్సాప్‌లో పంపితే అవతలివాళ్ళకి హోమ్ పేజీ తెరుచుకుంటుంది. చీరలమ్మేవాళ్ళకి ఇంతకంటే నష్టం ఇంకేముంది?

రీఫండ్ అడిగాను. "డిజిటల్ సరుకు, వెనక్కి తీసుకోము" అన్నాడు. వెనక్కి అన్న మాటే ఆయనకి పడదేమో. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. బిల్లు లేదు కాబట్టి స్క్రీన్‌షాట్లే ఆధారం.

కొనేవాళ్ళకి ఒక్క మాట. వీడియో వద్దు, ఏపీకే (ఆండ్రాయిడ్ ఫోన్‌లో వేసుకునే యాప్ ఫైల్) అడగండి. మీ దగ్గరున్న అతి చవక ఫోన్‌లో వేసుకుని మూడు పేజీలు లోపలికి వెళ్ళి బ్యాక్ కొట్టండి. యానిమేషన్ మధ్యలో కూడా కొట్టండి, బటన్ రెండుసార్లు గబగబా నొక్కండి. వెబ్ అన్నాడంటే లోపలి పేజీ రీఫ్రెష్ చేసి చూడండి. ఏపీకే ఇవ్వనంటే అక్కడే ఆపేయండి. బిల్లు తీసుకోండి, నాలా కాకుండా.

ఆ 41 చోట్లలో ఇప్పటికి 17 మార్చాను. శనివారం మళ్ళీ మంగళగిరి వెళ్ళాలి. ఆ కిట్ ఇంకెవరైనా కొనుంటే మెసేజ్ పెట్టండి, మార్చిన ఫైళ్ళు ఊరికే ఇస్తాను.